చిన్న పిల్లలున్న కుటుంబానికి సెకండ్ హ్యాండ్ కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది తయారైన రెండు కార్లు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. ఒకటి ఇంకో పదేళ్లు నిశ్చింతగా తిరుగుతుంది. రెండోది ఆరు నెలలు తిరక్కుండానే ఇంజిన్ దించాలంటుంది. పాత ఓనరు ఎలా వాడాడన్నదే తేడా అంతా. అందుకే పాత కారు కొనేటప్పుడు మోడల్ పేరు కంటే మీ ముందున్న ఆ ఒక్క కారు ఎలా ఉందన్నది ముఖ్యం. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయొచ్చా?

పెట్టొద్దు. కారు ధరలో కనీసం పదో వంతు విడిగా దాచుకోండి. పాత కారు ఎంత బాగున్నా, కొన్న మొదటి నెలల్లో బ్యాటరీయో, బ్రేక్ ప్యాడ్లో, టైర్లో ఏదో ఒకటి డబ్బు అడుగుతుంది. ఇది కారు చెడ్డదనడానికి గుర్తు కాదు, అరిగే వస్తువులు అరుగుతాయి అంతే. డబ్బంతా కారుకే పోసేసి, ఆ తర్వాత అరిగిన టైర్ల మీదే ఇంకో రెండు నెలలు లాగుదాం అనుకునే పరిస్థితి పిల్లల్ని ఎక్కించుకునే ఇంట్లో రాకూడదు.

కొనే ధరతో పాటు ఏటా అయ్యే ఖర్చు కూడా లెక్క వేసుకోండి. కారు నచ్చిందని మాట ఇచ్చేముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కోండి. టైర్ల సైజు కూడా చూడండి. అదే మోడల్‌లో 15 అంగుళాల చక్రాలున్న మామూలు వేరియంట్‌కీ, 18 అంగుళాల చక్రాలున్న పై వేరియంట్‌కీ నాలుగు టైర్లు మార్చే ఖర్చులో చాలా తేడా ఉంటుంది. పెద్ద చక్రాల టైర్లకు పక్కగోడ సన్నగా ఉంటుంది కాబట్టి గుంతల్లో దెబ్బ తినే అవకాశం కూడా ఎక్కువ.

లోన్ తీసుకుంటే, కారు నమ్మకంగా నడుస్తుందనుకున్న కాలం కంటే వాయిదాలు ఎక్కువ కాలం సాగకుండా చూసుకోండి.

ఎంత పాత కారు కొనడం మంచిది?

కొత్త కారు విలువ మొదటి కొన్నేళ్లలోనే వేగంగా పడిపోతుంది, ఆ తర్వాత పడే వేగం తగ్గుతుంది. ఆ మొదటి దెబ్బ వేరొకరు భరించాక కొనడమే సెకండ్ హ్యాండ్‌లో ఉన్న లాభం. డబ్బు సరిపోతే నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య కారు చూడమంటాను. ధర దిగి ఉంటుంది, ముఖ్యమైన భద్రతా పరికరాలు ఉంటాయి, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. అంతకంటే పాతదే చేతికి అందుతుందంటే నిరాశపడక్కర్లేదు. వేళకు సర్వీసు చేయించిన పదేళ్ల కారు, పట్టించుకోని నాలుగేళ్ల కారు కంటే నూరుపాళ్లు నయం.

కిలోమీటర్లు తక్కువుంటే మంచి కారని అనుకోవచ్చా?

అన్నిసార్లూ కాదు. ఎనిమిదేళ్లలో 20,000 కి.మీ. మాత్రమే తిరిగిన కారు వినడానికి బాగుంటుంది. కానీ అది రోజూ రెండు మూడు కి.మీ. తిరిగి ఆగిన బండి కావచ్చు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే ఆయిల్‌లో తేమ చేరుతుంది, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది, బ్యాటరీ సరిగ్గా చార్జ్ కాదు. రబ్బరు భాగాలు, టైర్లు, బెల్టులు తిరగకపోయినా వయసుతో గట్టిపడి పగుళ్లిస్తాయి. హైవే మీద ఎక్కువ తిరిగి, ప్రతి సర్వీసుకూ కాగితమున్న కారును కిలోమీటర్లు చూసి భయపడి వదులుకోకండి.

హ్యాచ్‌బ్యాకా, సెడానా, ఎస్‌యూవీయా?

ఒకరిద్దరు పిల్లలున్న ఇంటికి మంచి డిక్కీ ఉన్న హ్యాచ్‌బ్యాక్ గానీ, ఎస్టేట్ (పైకప్పు వెనకదాకా సాగి డిక్కీ పొడుగ్గా ఉండే కారు) గానీ చాలావరకు సరిపోతుంది. సెడాన్‌లో డిక్కీ పెద్దదే, కానీ తలుపు నోరు చిన్నది కావడంతో స్ట్రోలర్ (పిల్లల తోపుడుబండి) అడ్డం తిరుగుతుంది. ముగ్గురు పిల్లలుంటే, లేదా పెద్దవాళ్లు తరచూ తోడు వస్తుంటే, ఎంపీవీ (ఎక్కువమంది కూర్చునేలా చేసిన పెద్ద కుటుంబ కారు) చూడండి. పక్కకు జరిగే తలుపులున్నదైతే ఇరుకు పార్కింగ్‌లో పిల్లాణ్ణి ఎత్తి కూర్చోబెట్టడం ఎంత సులువో వాడినవాళ్లకే తెలుస్తుంది.

ఎస్‌యూవీల మీద మోజు ఎక్కువ కాబట్టి అదే డబ్బుకు వాటిలో ఎక్కువ పాతది వస్తుంది. నేల ఎత్తు నిజంగా అవసరమైన దారుల్లో తిరిగేవాళ్లు తీసుకోవచ్చు. బయటికి పెద్దగా కనిపించేవన్నీ లోపల విశాలంగా ఉండవు. కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

చైల్డ్ సీటు సరిగ్గా పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

చైల్డ్ సీటునీ, స్ట్రోలర్‌నీ, వీలైతే పిల్లాణ్ణి కూడా తీసుకెళ్లండి. ఈ పని చాలామంది చేయరు. కొన్నాక ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే.

ముందుగా, వెనక సీటు కుషన్‌కూ ఆనే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెట్టి, చైల్డ్ సీటును నేరుగా కారుకే బిగించే ఐసోఫిక్స్ కొక్కేల కోసం తడమండి. గట్టి ఇనుప కడ్డీలు రెండు తగలాలి. ఈ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా 1999లో వచ్చింది, కాబట్టి మరీ పాత కార్లలో ఉండకపోవచ్చు. ఉన్నా సాధారణంగా రెండు పక్క సీట్లకే ఉంటాయి, మధ్య సీటుకు ఉండటం అరుదు. పై పట్టీ తగిలించే కొక్కెం సీటు వెనకో, డిక్కీ నేల మీదో ఉంటుంది, అదీ వెతకండి. డిక్కీలో సామాన్లు కట్టే కొక్కేన్ని అదేననుకుని పొరబడొద్దు. కారు మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు.

తర్వాత సీటు బిగించి చూడండి. వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటు చాలా చోటు తింటుంది. దాన్ని బిగించాక ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వస్తుందో చూసి, ఇంట్లో అందరికంటే పొడుగైన వాళ్లను ఆ ముందు సీట్లో కూర్చోబెట్టండి. మోకాళ్లు డాష్‌బోర్డ్‌కు తగిలితే ఆ కారు మీకు కాదు. ఐరాస నిబంధన ఆర్129 కింద వచ్చే ఐ-సైజ్ సీట్లలో పిల్లలు కనీసం 15 నెలల వరకు వెనక్కి తిరిగే కూర్చోవాలి. ఆ తర్వాత కూడా ఎంత కాలం వీలైతే అంత కాలం అలాగే ఉంచడం మంచిది. అంటే ఈ ఇరుకు ఒకటి రెండు నెలల ముచ్చట కాదు.

కొన్ని చైల్డ్ సీట్లకు నేల మీద ఆనే కాలు ఉంటుంది. కొన్ని కార్లలో వెనక సీటు ముందు నేల కింద చిన్న అర ఉంటుంది. ఆ అర మూత మీద కాలు ఆనితే ప్రమాదంలో మూత విరిగి సీటు ముందుకు వాలే వీలుంది. కారు మాన్యువల్, సీటు మాన్యువల్ రెండూ చూసి అక్కడ కాలు పెట్టొచ్చో లేదో తేల్చుకోండి. హెడ్‌రెస్ట్ తీయడానికి వస్తుందో లేదో కూడా చూడండి. రాకపోతే పెద్ద పిల్లల సీటు వెనక్కి సరిగ్గా ఆనదు. బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) మీద కూర్చునే వయసు పిల్లలుంటే బెల్ట్ బకిల్ లోతుగా కూరుకుపోయి ఉందేమో చూడండి, అలా ఉంటే ప్రతిసారీ మీరే వంగి పెట్టాలి.

శిశువు సీటును వెనక్కి తిప్పి ముందు సీట్లో పెట్టాల్సి వస్తే, ఆ పక్క ఎయిర్‌బ్యాగ్ ఆపే స్విచ్ కచ్చితంగా ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా అలా పెట్టడం ప్రాణాంతకం. ఇందులో సర్దుకుపోయే ప్రశ్నే లేదు.

కారు పాతదైనా పర్వాలేదు గానీ, చరిత్ర తెలియని పాత చైల్డ్ సీటు మాత్రం కొనొద్దు. ప్రమాదం చూసిన సీటు బయటికి బాగానే కనిపిస్తుంది.

భద్రతకు ఇచ్చే నక్షత్రాలను నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ పరీక్ష జరిగిన ఏడాది కూడా చూడండి. కార్లను ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రాలిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ తొలి ఫలితాలు 1997లో వచ్చాయి. అప్పటి నుంచి పరీక్షలు కఠినమవుతూనే ఉన్నాయి. 2009లో వచ్చిన 5 నక్షత్రాలూ 2020లో వచ్చిన 5 నక్షత్రాలూ ఒకటి కావు. పెద్దవాళ్ల స్కోరు, పిల్లల స్కోరు విడివిడిగా ఇస్తారు. మీకు కావాల్సింది రెండోది. ఒకే మోడల్ ఒక్కో దేశంలో ఒక్కో రకం పరికరాలతో అమ్ముతారు కాబట్టి పరీక్షించిన వేరియంటూ మీరు చూస్తున్నదీ ఒకటేనా అన్నది చూసుకోండి.

ఒక్క పరికరం ఎంచుకోమంటే నేను ఈఎస్‌సీ అంటాను. బండి జారబోతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో నిలిపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఇది. అమెరికాలో 2012 మోడల్ ఏడాది నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ ఉన్న వేరియంట్ కోసం ఈఎస్‌సీని వదులుకోకండి.

కారు మీద రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలి ఉందేమో ఛాసిస్ నంబరుతో కంపెనీని అడిగితే చెప్తారు. తకాటా ఎయిర్‌బ్యాగుల వ్యవహారం గుర్తుండే ఉంటుంది. ఎయిర్‌బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ వేడికీ తేమకీ పాడై, పగిలి లోహపు ముక్కలు ఎగిరిపడటంతో ప్రపంచవ్యాప్తంగా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. ఆ మరమ్మతు కంపెనీయే ఉచితంగా చేసి ఇస్తుంది, కానీ కార్లు చేతులు మారినప్పుడు ఆ కబురు కొత్త ఓనరుకు అందకపోవచ్చు.

పెట్రోలా, డీజిలా, హైబ్రిడా, ఎలక్ట్రిక్కా?

ముందు మీరు రోజూ ఎంత దూరం, ఎలాంటి దారిలో తిరుగుతారో రాసుకోండి. స్కూలు, ఆఫీసు, మార్కెట్ అన్నీ ఐదారు కి.మీ. లోపేనైతే డీజిల్ వద్దు. కొత్త తరం డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో వేడిగా నడవాలి. చిన్న దూరాలకే వాడితే ఫిల్టర్ మూసుకుపోతుంది, మార్చడం బాగా ఖరీదైన పని.

మైలేజ్ విషయంలో ఒక లెక్క. ఏడాదికి 12,000 కి.మీ. తిరిగేవాళ్లకు లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారులో 800 లీటర్లు, 20 కి.మీ. ఇచ్చే కారులో 600 లీటర్లు పడుతుంది. ఆ 200 లీటర్ల ధరను రెండు కార్ల ధరల తేడాతో పోల్చండి. ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో తేలిపోతుంది. ఏడాదికి 6,000 కి.మీ. మాత్రమే తిరిగేవాళ్లకు మైలేజ్ కోసం ఎక్కువ ధర పెట్టడం అర్థం లేని పని.

ఊళ్లో ఆగుతూ సాగే ట్రాఫిక్‌కు హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండే కారు) బాగుంటుంది. దాని పెద్ద బ్యాటరీ ఆరోగ్యాన్ని కంపెనీ సర్వీసు సెంటర్లో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. పాత ఎలక్ట్రిక్ కారుకూ అంతే, డాష్‌బోర్డ్‌లో కనిపించే రేంజ్‌ను నమ్మి కొనొద్దు. బ్యాటరీ అసలు సామర్థ్యంలో ఎంత శాతం మిగిలింది, వారంటీ ఇంకెంత ఉంది, అది కొత్త ఓనరుకు బదిలీ అవుతుందా అన్నవి కాగితం మీద చూడండి. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలు లేకపోతే ఎలక్ట్రిక్ గురించి ఆలోచించకపోవడమే నయం.

ఆటోమేటిక్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన రికార్డు ఉంటే. చెడితే మరమ్మతు భారీగా ఉంటుంది. గేరు పడేటప్పుడు కుదుపు గానీ, ఆగి గేరు పడటం గానీ కనిపిస్తే మరో కారు చూసుకోండి.

డీలర్ దగ్గర కొనాలా, నేరుగా ఓనరు దగ్గర కొనాలా?

ఓనరు దగ్గర ధర తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, కారును వాడిన మనిషితో నేరుగా మాట్లాడొచ్చు. డీలర్ దగ్గర ధర ఎక్కువైనా వారంటీ ఇస్తే కొంత భరోసా. ఆ వారంటీలో ఇంజిన్, గేర్‌బాక్స్ ఉన్నాయా, మరమ్మతు ఎక్కడ చేయిస్తారు అన్నది రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వారంటీకి విలువ లేదు.

ఎవరి దగ్గరైనా ఒకటే ప్రశ్నతో మొదలుపెట్టండి: "ఎందుకు అమ్ముతున్నారు?" జవాబు నిజమో కాదో ఆ క్షణంలో తేల్చలేకపోవచ్చు. కానీ కారు గురించి వివరంగా, ఎప్పుడు ఏం మార్పించారో నెలతో సహా చెప్పగలిగేవాళ్లు సాధారణంగా దాన్ని బాగా చూసుకున్నవాళ్లే.

మెకానిక్ కాని నాకు కారులో ఏం చూడాలో ఎలా తెలుస్తుంది?

కనిపించే వాటితోనే చాలా తెలుస్తుంది. పగటి వెలుతురులో, కారు పొడిగా ఉన్నప్పుడు చూడండి. తడి బండి మీద పెయింట్ తేడాలు కనిపించవు.

ఇంజిన్ చల్లగా ఉండగా చూస్తానని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే స్టార్టింగ్ సమస్య దాస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. స్టార్ట్ చేయకముందు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూడండి. ఇంజిన్ వేడిగా ఉంటే మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. కూలెంట్ తేటగా రంగుతో ఉండాలి, తుప్పు నీళ్లలా ఉన్నా, పైన నూనె తేలుతున్నా చెడ్డ గుర్తు. ఆయిల్ పోసే మూత లోపలి వైపు పాలమీగడలాంటి జిగురు దట్టంగా ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నట్టు. చిన్న దూరాలకే వాడిన బండిలోనూ కొద్దిగా కనిపిస్తుంది కాబట్టి, కూలెంట్‌లో కూడా తేడా ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందని గట్టిగా అనుమానించాలి.

స్టార్ట్ చేసినప్పుడు వెనక ఒకరిని నిలబెట్టి పొగ చూడమనండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ అంటే కూలెంట్ కాలుతోంది. చలి ఉదయాన సన్నటి ఆవిరి వచ్చి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు.

తాళం తిప్పగానే డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే లోపం ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోతే అంతకంటే అనుమానించాలి. లోపాన్ని దాచడానికి ఆ లైటునే పనిచేయకుండా చేసి ఉండొచ్చు.

టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చూడండి. గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గితే చాలా దేశాల్లో ఆ టైరు చెల్లదు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ లేదా సస్పెన్షన్ సమస్య.

మీటర్ తిప్పారేమో ఎలా కనిపెట్టాలి?

స్టీరింగ్, గేరు నాబ్, పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు చూడండి. 40,000 కి.మీ. అని చూపిస్తున్న కారులో స్టీరింగ్ నున్నబడి, క్లచ్ పెడల్ రబ్బరు చెరిగిపోయి ఉంటే ఆ అంకె నమ్మదగింది కాదు. సర్వీసు బిల్లుల్లో తేదీలతో పాటు కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయా అని పోల్చండి. చాలా కార్లలో కిలోమీటర్లు మీటర్లోనే కాక ఇతర కంప్యూటర్లలో కూడా నమోదవుతాయి. మంచి స్కానర్ ఉన్న మెకానిక్ వాటిని చదవగలడు.

స్కానర్ పెట్టించినప్పుడు ఇంకో విషయం అడగండి. లోపాల కోడ్లను అప్పుడే చెరిపేస్తే, ఓబీడీలో (కారు తన లోపాలను తానే కనిపెట్టుకునే కంప్యూటర్ ఏర్పాటు) స్వీయ పరీక్షలు 'పూర్తికాలేదు' అని చూపిస్తాయి. నిన్నో ఇవాళో చెరిపారంటే ఎందుకు చెరిపారో అమ్మేవాళ్లు చెప్పాలి.

ప్రమాదానికి గురైన కారునీ, వరదలో మునిగిన కారునీ ఎలా గుర్తు పట్టాలి?

ప్రమాదం విషయంలో తలుపులకీ, బానెట్‌కీ చుట్టూ ఉన్న సందులు చూడండి. ఒకవైపు సన్నగా, మరోవైపు వెడల్పుగా ఉంటే ఆ భాగం విప్పి బిగించారు. ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరి ఉన్నా అదే అర్థం. కిటికీ అద్దాల మూలల్లో ఉన్న తయారీ గుర్తులు పోల్చండి. ఒక్కటి మాత్రం వేరే ఏడాదిదైతే కారణం అడగండి. బంపర్ మీద టచప్ చేయించడం మామూలే, దానికి కారు వదులుకోనక్కర్లేదు. ఛాసిస్ బీములు వంగి నిటారు చేసినవైతే మాత్రం, ధర ఎంత తగ్గించినా వద్దు. మళ్లీ ఢీ కొంటే ఆ బండి పిల్లల్ని మొదటిసారి కాపాడినట్టు కాపాడలేదు.

మునిగిన కారు అంతకంటే ప్రమాదం, ఎందుకంటే కొన్న రోజున అది చక్కగా నడుస్తుంది. వైర్ల కనెక్షన్ల లోపల తుప్పు నెమ్మదిగా పెరిగి నెలల తర్వాత ఒక్కో పరికరం చచ్చిపోతుంది. సీట్ బెల్టును చివరిదాకా బయటికి లాగండి. ఎవరూ కడగని ఆ చివరి భాగంలో బురద గీత ఉంటే ఇక మాట్లాడే పని లేదు. సీటు పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల నీటి చారలు, కార్పెట్ కింద తడి ఇవన్నీ అవే కథ చెప్తాయి. లోపల అత్తరు వాసన ఘాటుగా కొడుతుంటే దేన్ని కప్పడానికో అడగండి.

టెస్ట్ డ్రైవ్ ఎంతసేపు చేయాలి?

కనీసం అరగంట. ఊళ్లోనూ, వేగంగా వెళ్లే రోడ్డు మీదా నడపండి. రేడియో, ఏసీ కాసేపు ఆపేసి చప్పుళ్లు వినండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే టకటక శబ్దం వచ్చిందంటే సీవీ జాయింట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కీలు) అరిగినట్టు. పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వేగంతో పాటు పెరిగే ఊళ వీల్ బేరింగ్‌ది కావచ్చు. బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు. తర్వాత ఏసీ వేసి వెనక సీట్లో ఐదు నిమిషాలు కూర్చోండి. పిల్లలు కూర్చునేది అక్కడే.

ఇంత చూశాక కూడా మెకానిక్ అవసరమా?

అవసరమే. అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీరు ఎంచుకున్నవాడు. లిఫ్ట్ మీద ఎక్కించి కింది నుంచి చూడాలి. ఒప్పుకోని ఓనరు దగ్గర కొనొద్దు.

బేరం ఎలా ఆడాలి?

"ఇంకొంచెం తగ్గించండి" అనేకంటే ఖర్చుల జాబితా ముందు పెట్టడం బాగా పనిచేస్తుంది. నాలుగు టైర్లు, ముందు బ్రేక్ డిస్కులు, రావాల్సిన పెద్ద సర్వీసు, వీటి ధరలు కనుక్కుని వెళ్లండి. టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు వేళకు కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజినైతే అది ఎప్పుడు మార్చారో బిల్లుతో చూపించమనండి. మార్చాల్సిన గడువు మోడల్‌ను బట్టి సుమారు 60,000 నుంచి 1,60,000 కి.మీ. వరకు, లేదా కొన్నేళ్లు, ఏది ముందైతే అది. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కగట్టి ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

డబ్బు ఇచ్చేముందు రిజిస్ట్రేషన్ కాగితంలోని ఛాసిస్ నంబరును కారు మీదున్న దానితో ఒక్కో అక్షరం పోల్చండి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆంగ్ల అక్షరాల్లో ఐ, ఓ, క్యూ మాత్రం అంకెలతో కలిసిపోతాయని వాడరు. కారు మీద తీరని లోన్ ఉందేమో కూడా అధికారిక రికార్డుల్లో చూసుకోండి.

కొన్నాక ముందు ఏం చేయించాలి?

పాత బిల్లులో ఏమున్నా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి. ఇక్కడి నుంచి మీ లెక్క మొదలవుతుంది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటినా, తేదీ తెలియకపోయినా అదీ మార్పించండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన బ్రేక్ ఆయిల్ పెద్ద దిగుడులో వేడెక్కి మరిగితే పెడల్ ఒక్కసారిగా మెత్తబడుతుంది. వెనక తలుపుల చైల్డ్ లాక్ రెండువైపులా పనిచేస్తుందో చూడండి. పాత ఓనరు ఫోను కారులో కలిపి ఉంటే తీసేయండి, యాప్‌తో తలుపులు తెరిచే కారైతే వాళ్ల ఖాతా నుంచి కూడా తొలగించమని అడగండి. రెండో తాళంచెవి కొన్నరోజే తీసుకోండి, తర్వాత పంపిస్తానన్న తాళంచెవులు చాలావరకు రావు.